నాన్న తీయడం మరిచిన ఇయర్‌ఫోన్

మా చిన్నప్పుడు... పరాయి దేశంలో, యూ టీ అనే పేటలో మా ఫ్లాట్‌లో శనివారం మధ్యాహ్నం పప్పు తాలింపు వాసన, నాన్న ఆఫీసు మీటింగు రెండూ ఒకేసారి మొదలయ్యేవి. నాన్న బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. దాంతోపాటు వాలంటీర్ కూడా... దగ్గర్లో చిన్న మంట అంటుకుంటే ఆయన ఫోన్‌కి అలర్ట్ వచ్చేది. ఫైరింజన్ వచ్చేలోపు వెళ్ళి చేతనైనంత ఆర్పాలి.

ఆ శనివారం మీటింగు మధ్యలో ఫోన్ మోగింది. ఎదురు బ్లాకు, నాలుగో అంతస్తు. నాన్న లేచారు. అమ్మ గరిటెతోనే అడ్డం వచ్చింది.

"మొన్ననే మీ మేనేజర్ ఏమన్నడు? ఇంకోసారి మీటింగ్ నడుమల లేస్తే కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యనన్నడు గదా! నౌకరి పోతె ఈడ ఎట్లుంటం?"

"ఎదురు బ్లాకే గదనే... గిట్ల పోయి గట్ల వస్త."

తలుపు పక్కనున్న మంటలార్పే ఎర్ర సిలిండర్ పట్టుకుని పరుగెత్తారు. జేబులో ఫోన్ ఇంకా మీటింగులోనే ఉంది... కంగారులో చెవిలో ఇయర్‌ఫోన్ తీయలేదు, మ్యూట్ నొక్కలేదు! టేబుల్ మీద ల్యాప్‌టాప్‌లోనూ అదే మీటింగు... పన్నెండు మంది ఆఫీసు వాళ్ళతో పాటు అమ్మా నేనూ అంతా విన్నాం.

మెట్లెక్కే ఆయాసం... సిలిండర్ బుస్సుమన్న చప్పుడు... దగ్గు. కారిడార్‌లో పాత పేపర్లు అంటుకున్నాయట. ఆ ఇంటి చైనీస్ అవ్వ ఏడుస్తోంది. లోపల పొగలో ఆమె పెంచుకునే పిట్ట ఉండిపోయింది, వెళ్ళి తెమ్మంటోంది.

"పోకుండ్రి... లోపటికి పోకుండ్రి..." అమ్మ ల్యాప్‌టాప్‌ని బతిమాలుతోంది.

అప్పుడు నాన్న గొంతు, నెమ్మదిగా, ఇక్కడి వాళ్ళ యాస ఇంగ్లీషులో... "ఐ ఆల్సో గాట్ స్మాల్ గర్ల్ ఎట్ హోమ్, ఆంటీ. ఐ కెనాట్ గో ఇన్ లాహ్. ఐ సిట్ విత్ యూ, కెన్?"

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. అన్నాళ్ళూ ఆయనకు మేం గుర్తుండమనే దెప్పేది పాపం.

కాసేపటికి సైరన్, బూట్ల చప్పుడు. ఆ వెనకే సన్నగా కిచకిచ! మీటింగులో ఎవరో చప్పట్లు కొట్టారు. మేనేజర్ గొంతు సవరించుకుని, అందరికీ పావుగంట బ్రేక్ అన్నాడు. తర్వాత కాంట్రాక్ట్ కూడా రెన్యూ అయింది.

నాన్న మసి మొహంతో, చెవిలోంచి జారి మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్‌తో వచ్చి, "మీటింగ్ అయిపోయిందా?" అని భయంగా అడిగారు. అమ్మ కొంగుతో మొహం తుడిచి అన్నం పెట్టింది. తర్వాత ఎప్పుడు అలర్ట్ వచ్చినా, ముందుగా తలుపు తీసేది అమ్మే.

ఇప్పుడు నాన్నకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు. నేను వేరుగా బిషాన్ అనే పేటలో ఉంటున్నాను, ఉద్యోగంలో చేరాను. వాలంటీర్‌గా పేరిచ్చానని తెలిసి ఆయన ఎంత మురిసిపోయారో!

ఇప్పటికి రెండు అలర్ట్‌లు వచ్చాయి... రెండుసార్లూ మీటింగులో ఉన్నాను. లేవలేదు.

ఫోన్ చేసినప్పుడల్లా "ఏమన్న అలర్ట్ వచ్చిందా బిడ్డా?" అని అడుగుతారు. రాలేదని చెబుతున్నాను...

మీరూ మీ నాన్నకు ఇంకా చెప్పలేని మాట ఏదైనా ఉంటే, ఇక్కడ రాయండి. చదువుతూ కూర్చుంటాను.