ఎస్. రావుకి పట్టిన బూజు

నేను ఒకసారి విజయవాడలో అంటువ్యాధి పుట్టించాను. కంగారు పడకండి, ఎవరూ పోలేదు. పోయింది నా పరువొక్కటే, అదీ ఆ రోజుల్లో పెద్దగా ఉండేది కాదు. కానీ ఒక ఆసుపత్రి మొత్తాన్ని మూతికి గుడ్డలు కట్టుకుని తిరిగేలా చేసిన ఘనత మాత్రం నాదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మైక్రోబయాలజీలో పీజీ చేసి, గవర్నర్‌పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో చేరాను. ఒంట్లోకి చొరబడి ప్రాణాల మీదికి తెచ్చే ఫంగస్‌లంటే నాకు విపరీతమైన మోజు. పెళ్లికి వెళితే పెళ్లికూతురి నగలు చూడకుండా కల్యాణమండపం గోడ మీద తేమ మచ్చలు చూసేదాన్ని. కానీ చేరి ఆరు నెలలైనా నా కంట ఒక్క భయంకరమైన ఫంగస్ కూడా పడలేదు. అన్నీ టైఫాయిడ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు. సింహం కోసం తుపాకి పట్టుకుని పెరట్లో కూర్చున్నట్టుండేది నా బతుకు.

ఆ మే నెలలో ల్యాబ్ ఏసీ చెడిపోయింది. విజయవాడ ఎండల సంగతి మీకు వేరే చెప్పాలా? మధ్యాహ్నానికి మైక్రోస్కోపు ముట్టుకుంటే పొయ్యి మీది పెనం ముట్టుకున్నట్టే. రెండు రోజులు ఓర్చుకుని, మూడోనాడు భవానీపురంలో మా ఇంట్లో ఉన్న కూలర్‌ని ఆటోలో వేసుకుని తెచ్చేశాను.

మా టెక్నీషియన్ సత్యవతి గారు నాకంటే ఇరవై ఏళ్లు పెద్దావిడ. కూలర్ చుట్టూ ఒకసారి తిరిగి ముక్కు ఎగబీల్చారు.

"మేడమ్, ఈ గడ్డి పోయినేడుదాండీ?"

"అవునండీ. ఏం?"

"ఏదో వాసనొస్తందండీ."

"వట్టివేళ్ల వాసనండీ అది."

"వట్టివేళ్లు ఇట్టా వాసన రావండీ. గడ్డి మార్పిద్దామా?"

"చల్లగా ఉందా లేదా సత్యవతి గారూ?"

"చల్లగానే ఉందండీ," అని ఆవిడ తలవంచుకుని తన పని చూసుకున్నారు. పీజీ చదివినదాన్ని నేనాయె.

ఆ వారమే వీరమ్మగారు మా ఆసుపత్రిలో చేరారు. బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు, ఎండుచేపల వ్యాపారం. అరవై ఏళ్ల మనిషి, ఒళ్లంతా సుగరు, దానికి తోడు న్యుమోనియా. ఊపిరితిత్తి పక్కన నీరు చేరింది, జ్వరం దిగడం లేదు. డాక్టర్ ఇమ్మానుయేలు గారు ఆ నీరు కొంచెం తీసి మాకు పంపించారు. నేను కూలర్‌కి ఎదురుగా, హాయిగా జుట్టు ఎగురుతుండగా, దాన్ని సూక్ష్మజీవులు పెరిగే జెల్లీ ప్లేట్ల మీద గీతలుగా పూసి కల్చర్‌కి పెట్టాను.

నాలుగో రోజు ప్లేటు మూత తీసి చూద్దును కదా, దాల్చినచెక్క పొడి రంగులో, మఖమల్ గుడ్డలా మెత్తగా, ఆస్పర్‌జిల్లస్ టెర్రియస్! పుస్తకంలో బొమ్మ చూసి ప్రేమించినదాన్ని ఎదురుగా చూసినట్టయింది. ఆ రోజుల్లో మాకు అందుబాటులో ఉన్న గట్టి ఫంగస్ మందు యాంఫోటెరిసిన్. ఎక్కిస్తే మంచం కదిలేంత వణుకు తెప్పిస్తుంది, కిడ్నీల మీద దెబ్బ కొడుతుంది. అన్నీ ఓర్చుకుని ఎక్కించినా టెర్రియస్ అనే ఈ మహాతల్లి దానికి లొంగదని ప్రసిద్ధి. వెంటనే రకరకాల మోతాదుల్లో మందు కలిపిన గొట్టాల్లో దీన్ని వేశాను. రెండు రోజులకి అన్నింటిలోనూ నిగనిగలాడుతూ పెరిగింది. మందు దానికి హార్లిక్స్‌లా పనిచేసింది.

ఫోనెత్తాను. "సార్! వీరమ్మగారిది ఫంగస్ సార్! మందుకి లొంగని రకం!"

అటువైపు ఇమ్మానుయేలు గారి గొంతు ఎప్పటిలాగే నిదానంగా ఉంది. "ఆ నీటిని నేరుగా మైక్రోస్కోపులో చూశావా అమ్మా? ఫంగస్ దారాలు కనపడ్డాయా?"

"కనపడలేదు సార్. కానీ కల్చర్‌లో బ్రహ్మాండంగా వచ్చింది!"

"ఊఁ. ఆవిడ చూస్తే ఇవాళ పెసరట్టు కావాలని గొడవ చేస్తంది. అంత పెద్ద జబ్బున్న మనిషిలాగా లేదే?"

"పైకి తెలియదు సార్. లోపల చొరబడుతుంది."

ఇంతలో మరో రెండు వార్డుల నుంచి వచ్చిన శాంపిళ్లలోనూ అదే దాల్చినచెక్క రంగు. ఇంకేముంది! ఆసుపత్రిలో ఫంగస్ వ్యాపిస్తోందని నోటీసు రాసి అంటించాను. నర్సులు మూతికి గుడ్డలు కట్టారు. క్యాంటీన్‌లో ఇడ్లీ మీద మూత తీయడానికి కూడా జనం భయపడ్డారు. నేను మాత్రం రాయబోయే పరిశోధన పేపర్‌కి పేరు ఆలోచిస్తున్నాను: 'కృష్ణా డెల్టాలో మందులకు లొంగని ఫంగస్: ఒక సంచలనం.' ఆ 'సంచలనం' అన్నమాట ఉంచాలా తీసెయ్యాలా అని ఒక పూటంతా మథనపడ్డాను.

నా నోటీసు చూసి, అమ్మకి ఉన్నది అదేనని, వణుకు మందు ఎక్కించాల్సి రావచ్చని విని వీరమ్మగారి కొడుకు ఏడ్చుకుంటూ వచ్చాడు. అమ్మని హైదరాబాద్ తీసుకుపోతానని, సోమవారం సాయంత్రానికి అంబులెన్సు మాట్లాడేశాడు. ఇమ్మానుయేలు గారు "సోమవారం దాకా ఆగు నాయనా, యాంటీబయాటిక్ పనిచేస్తన్నట్టే ఉంది" అని సర్దిచెప్పి, ఆ శుక్రవారమే నాకు ఇంకొక శాంపిల్ పంపించారు. చీటీ మీద 'ఎస్. రావు, వయసు 52' అని ఉంది.

సోమవారం పొద్దున్న ఎస్. రావు ప్లేటు చూశాను. దాల్చినచెక్క! పరుగెత్తి ఫోను చేశాను.

"సార్! ఎస్. రావు గారికి కూడా వచ్చేసింది! ఆయన్ని వెంటనే ఐసీయూలో పెట్టండి!"

"పెట్టడం కుదరదమ్మా. ఆయన నా గదిలో అల్మారాలో ఉన్నాడు."

"ఏంటి సార్?"

"కొత్త సెలైన్ బాటిల్ సీలు తీసి అప్పుడే నింపి పంపించాను. సెలైన్ రావు ఆయన పేరు."

బాటిల్లో ఉప్పునీటికి ప్రాణాంతకమైన ఫంగస్ అంటగట్టాను! ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఒక పని చెయ్యమ్మా. ప్లేట్లు వెలుతురులో పెట్టి చూడు. నువ్వు గీసిన గీత మీద పెరిగిందా, గీతకి పక్కన పెరిగిందా?"

చూశాను. గీతల మీద ఒక్కటంటే ఒక్క చుక్క లేదు. బూజంతా గీతలకి అవతల, ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు, ఎక్కడపడితే అక్కడ ఉంది. రోగిలోంచి వచ్చినదైతే గీత మీద మొలవాలి. గాల్లోంచి పడినదే ఇలా చెల్లాచెదురుగా మొలుస్తుంది. మొదటి ఏడాది విద్యార్థికి చెప్పే పాఠం ఇది. సంతోషంలో నాకు ప్లేటు కనపడింది కానీ గీతలు కనపడలేదు.

సత్యవతి గారు ఖాళీ ప్లేటు ఒకటి కూలర్ ముందు తెరిచిపెట్టారు, ఇంకొకటి దూరంగా స్టోర్ రూములో పెట్టారు. కూలర్‌ది మూడు రోజులకి దాల్చినచెక్క తోటయింది. స్టోర్ రూముది అద్దంలా ఉంది. కానీ ఆ ఫలితం కోసం ఆగే వ్యవధి నాకు లేదు. సాయంత్రం అంబులెన్సు వస్తోంది.

"ఈ మాట నేను చెప్పనమ్మా," అన్నారు ఫోనులో ఇమ్మానుయేలు గారు. "నువ్వే వెళ్లి వీరమ్మగారికి చెప్పు."

మెట్లెక్కుతుంటే ఒక్కో మెట్టూ ఒక్కో గుట్టలా ఉంది. వీరమ్మగారు దిండుకి ఆనుకుని కూర్చున్నారు. ముందురోజు నుంచీ జ్వరం లేదట. కొడుకు సంచులు సర్దుతున్నాడు.

"అమ్మా, నేను ల్యాబ్ డాక్టర్ని. మీకు ఫంగస్ ఉందని రాసింది నేనే. అది తప్పండీ. మీలో లేదు. మీకొచ్చింది మామూలు న్యుమోనియా, అది తగ్గిపోతోంది. క్షమించండి."

కొడుకు చేతిలో సంచి కింద పడింది. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూశారు.

"అయితే నాలో బూజు లేదంటావు?"

"లేదండీ."

"మరి యాడుంది?"

"మా గదిలో ఉందండీ. కూలర్ గడ్డిలో."

ఆవిడ ముక్కున వేలేసుకున్నారు. "చేపలు ఎండబెట్టేటప్పుడు తడి చాప పరిస్తే బూజొచ్చిద్దని మా ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు. ఇంత చదివి నీకెవురూ చెప్పలేదా తల్లీ?"

"సత్యవతి గారు చెప్పారండీ. నేనే వినలేదు."

"సర్లే. ఆ వణుకు మందేదో నాకెక్కిద్దాం అనుకున్నారంట గదా, దాన్ని పట్టుకుపోయి మీ గదికి ఎక్కించండి!"

"దానికి లొంగదండీ," అన్నాను దీనంగా. "నా రిపోర్టులో నిజమైన ముక్క అదొక్కటే."

ముందు ఆవిడ నవ్వారు, తర్వాత కొడుకు, ఆ తర్వాత పక్క మంచాల వాళ్లు. నవ్వి నవ్వి వీరమ్మగారికి దగ్గొచ్చింది. నర్సు పరుగెత్తుకొచ్చి నన్ను బయటికి గెంటేసింది. వెళుతుంటే వెనక నుంచి "పెసరట్టు పంపించు బూజుపిల్లా, నీ పేరు చెప్పుకుని తింటా!" అని కేక వినపడింది. పంపించాను. రెండు.

పాఠకులారా, మీ అందరి సాక్షిగా శపథం చేస్తున్నాను. నా ప్లేట్లో పూలతోటే పూయనీ, దాని పేరు లాటిన్‌లో ఎంత అందంగానైనా ఉండనీ, మెట్లెక్కి రోగి మంచం దగ్గరికి వెళ్లి పలకరించి వచ్చాకే సంతకం పెడతాను. ఆ రోగి పెసరట్టు అడుగుతున్నట్టయితే, ముందు నా కల్చర్‌నే అనుమానిస్తాను.