పరీక్షనాడు మొగల్తూరు పెళ్ళికి

మధ్యాహ్నం మూడు గంటలకు రాజమండ్రిలో పరీక్ష పెట్టుకుని, తెల్లవారుజామున మొగల్తూరు పెళ్ళికి బయల్దేరిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ మనిషిని నేనే. పెళ్ళివాళ్ళెవరో నాకు తెలియదు, నాకు శుభలేఖ ఇచ్చినవాళ్ళూ లేరు. మా డోలు ఆ పెళ్ళిలో ఉంది కాబట్టి వెళ్ళాను.

నేను తణుకులో ఓ ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. నలభై ఎనిమిదో ఏట సెలవు పెట్టి, రాజమండ్రిలో ఓ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. సంగీతంలో చేరాను. నాది వయొలిన్. ఒంటరిగా వాయించే పేపర్లన్నీ ఎలాగో గట్టెక్కాను. మిగిలింది బృందవాద్యం ఒక్కటే. ఐదుగురం కలిసి వాయించాలి. ఒక్కరు రాకపోయినా ఐదుగురూ తప్పినట్టే, మళ్ళీ ఏడాదికి గాని పరీక్ష పెట్టరు. నా సెలవు పరీక్ష తరవాతి సోమవారంతో సరి. ఇంకో సెలవు ఇచ్చేది లేదని పైవాళ్ళు ముందే చెప్పేశారు. ఆ గురువారం పరీక్ష తప్పితే నా ఎం.ఏ. అటకెక్కినట్టే.

మా బృందంలో నేను, ఫ్లూటు వాయించే రూతు, వీణ వాయించే అక్కచెల్లెళ్ళిద్దరు, డోలు సత్తిబాబు. సత్తిబాబుకి ముప్పై ఏళ్ళుంటాయి. నరసాపురం దగ్గర సన్నాయి మేళం ఇంట్లో పుట్టాడు. ఏడాదిగా అతనితో నాకు ఒకటే గొడవ. పాట చివర ముక్తాయింపు మూడుసార్లు వాయించి అందరం ఒక్క దెబ్బకి ఆగాలి. మేం నలుగురం ఆగుతాం. అతను ఇంకో నాలుగు దెబ్బలు వేసి గాని ఆగడు. "లెక్క తప్పుతున్నావు సత్తిబాబూ" అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. "అలాగేనండి మేడంగారండి" అంటాడు. మర్నాడు మళ్ళీ నాలుగు దెబ్బలు.

పరీక్ష మంగళవారం ఉండాల్సింది. దాన్ని గురువారానికి మార్చారు. మాఘమాసంలో గురువారం పెళ్ళిళ్ళు ఉంటాయేమో చూడాలని ఎవరికీ తోచలేదు. సత్తిబాబు అప్పటికే మొగల్తూరు పెళ్ళికి ఒప్పుకున్నాడు. "ముహూర్తం అవ్వగానే వచ్చేస్తానండి" అని ఫోన్లో చెప్పాడు. మా జిల్లాల్లో 'బయల్దేరిపోయానండి' అంటే ఇంకా స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టుకుంటున్నాడని అర్థం. అందుకని నేనే వెళ్ళి పట్టుకురావాలనుకున్నాను. రూతు తోడు వస్తానంది.

ఐదూ నలభైకి రాజమండ్రిలో నరసాపురం బస్సెక్కాం. ఆధార్ కార్డులు చూపించి ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్లు తీసుకున్నాం. హాస్టల్లో వదలడానికి మనసొప్పక వయొలిన్ వెంట తెచ్చుకున్నాను. కండక్టరు పెట్టెవైపు చూసి, "దీనికి ఆధార్ ఉందాండి?" అన్నాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళిన సామెత నాకే వర్తించింది. మంచులో గోదావరి వంతెనలు ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు. ఆరూ యాభైకి రావులపాలెం. అక్కడ ఎక్కిన ఒకావిడ నా పక్కన సర్దుకుని కూర్చుంది.

"పెళ్ళికాండి? ఆడపెళ్ళివారా, మగపెళ్ళివారా?"

"డోలువారండి" అంది రూతు, నాకంటే ముందు. ఆవిడ పాలకొల్లు దాకా మళ్ళీ మాట్లాడలేదు.

ఎనిమిదీ ముప్పై అయిదుకి నరసాపురంలో దిగాం. స్టాండు బయట ఇడ్లీ తిన్నాం, అల్లప్పచ్చడి బాగుంది. ఈ దారిన వెళ్ళేవారు అక్కడే తినేయడం మంచిది, తరవాత నాకు కుదురుగా కూర్చుని తినే యోగం పట్టలేదు. ఆటోలో మొగల్తూరు చేరేసరికి తొమ్మిదింపావు. పందిరి ఎక్కడని అడగక్కర్లేకుండా సన్నాయి వినిపిస్తోంది.

సత్తిబాబు పట్టుపంచె కట్టుకుని, వేళ్ళకి తొడుగులు పెట్టుకుని, డోలు ముందు దర్జాగా కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. సన్నాయి వాయిస్తున్న పెద్దాయన సూర్యారావుగారు, అతని తండ్రి, కళ్ళతోనే కూర్చోమన్నారు. వాయిద్యం ఆపాక నా దగ్గరికి వచ్చారు.

"పంపిస్తానండి, ఎందుకు పంపించను? కానీ తాంబూలం పుచ్చుకున్నామండి. తాళి పడేదాకా మేళం లేవకూడదు."

ముహూర్తం పదీ ఇరవై నాలుగుకి. పదిన్నరయినా పెళ్ళికొడుకు ఇంకా కారులోనే ఉన్నాడు, కారు దిగడం వీడియో తీస్తున్నారట. పదీ నలభైకి జీలకర్ర బెల్లం. పంతులుగారు చూపుడువేలు పైకెత్తి ఆడించారు. అంతే, పందిరి అదిరిపోయింది. నా పక్కన కుర్చీలో నిద్రపోతున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.

"ఇంత గట్టిగా ఎందుకండీ?" అని రూతు తరవాత సూర్యారావుగారిని అడిగింది. ఆ అమ్మాయి చర్చిలో పాడుతూ పెరిగింది, ఇవన్నీ దగ్గరగా చూడలేదు.

"ఆ టైములో ఎవరైనా తుమ్మినా, కానిమాట అన్నా వినపడకూడదమ్మా. పంతులుగారు వేలెత్తితే గట్టిమేళం. దించితే ఆపాలి. మనంతట మనం ఆపకూడదు."

నేను సగమే విన్నాను. నా చూపంతా గడియారం మీదే ఉంది. తాళి పదకొండూ పదికి కట్టారు. ఫోటోగ్రాఫరు బాగా రాలేదని, మూడోముడి మీద మళ్ళీ చెయ్యి పెట్టమన్నాడు. పంతులుగారు మళ్ళీ వేలెత్తారు. మళ్ళీ గట్టిమేళం. నాకు ఏడుపొకటే తక్కువ.

సత్తిబాబు డోలు భుజాన వేసుకుని దిగాడు. హమ్మయ్య అనుకునేలోపు పెళ్ళికూతురి తండ్రి మాకు అడ్డంగా నిలబడ్డారు.

"భోజనం చెయ్యకుండా వెళ్తారాండి? మా ఇంటి పరువేం కానండి!"

"పరీక్ష ఉందండీ."

"పరీక్ష ఎప్పుడూ ఉంటుందండి. పనసపొట్టు కూర ఎప్పుడూ ఉండదండి."

ఆయన చెయ్యి పట్టుకు లాగి కూర్చోబెట్టారు. మా జిల్లాల మర్యాదకి ఎదురు చెప్పి గెలిచినవాళ్ళెవరూ లేరు. గుటుక్కున మింగుతుంటే మళ్ళీ వడ్డించారు. పూతరేకు వద్దంటే రెండు వేశారు. కూర అద్భుతంగా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను గాని, అప్పుడు ఒక్కో ముద్దా నా ఎం.ఏ.ని నేనే నమిలి మింగుతున్నట్టు ఉంది.

చెయ్యి కడుక్కునేసరికి పన్నెండూ అయిదు. నరసాపురం వెళ్ళి బస్సు పట్టుకుంటే మూడింటికి అందుకోలేం. అప్పుడు ఆ పెద్దమనిషే దారి చూపించారు. మండపానికి పూలు తెచ్చిన వ్యాను కడియం తిరిగి వెళుతోంది, అందులో ఎక్కించారు. తిట్టుకున్నవాడి చేతే సాయం పొందడం కంటే ఇబ్బంది ఇంకోటి లేదు. ముందు సీట్లో రూతూ నేనూ, వెనక వాడిన బంతిపూల బుట్టల మధ్య సత్తిబాబు, డోలు.

రావులపాలెం దాకా బాగానే నడిచింది. అక్కడ అరటి గెలల లారీలు దారికి అడ్డంగా నిలిచిపోయాయి. ఇరవై నిమిషాలు. నేను నాలుగుసార్లు దిగి, నాలుగుసార్లు ఎక్కాను. డ్రైవరు నన్ను చూసి, "కంగారు పడకండి, మీరు దిగితే లారీ కదలదు కదండీ" అన్నాడు. రెండూ యాభైకి కడియపులంకలో దింపాడు. ఆటో మాట్లాడుకుని విశ్వవిద్యాలయం చేరేసరికి మూడూ ఇరవై. వీణ అక్కచెల్లెళ్ళు వరండాలో ముఖాలు వేలాడేసుకుని నిలబడి ఉన్నారు. ముందు బృందం ఆలస్యంగా మొదలవడంతో మా వంతు ఇంకా రాలేదు. ఒళ్ళంతా బంతి రేకులతో లోపలికి వెళ్ళి కూర్చున్నాం.

పరీక్షకులు బయటి ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ. మోహనరాగం, ఆదితాళం, మా గురువుగారు మాకోసం కట్టిన పాట. సత్తిబాబు డోలుని మెత్తగా, మా వీణలు వినపడేలా వాయిస్తున్నాడు. ఏడాదిలో ఎప్పుడూ అంత బాగా కుదరలేదు. రూతు వాయిస్తూనే నావైపు చూసి కళ్ళతో నవ్వింది. ముక్తాయింపు దగ్గరికొచ్చాం.

పైన ఫ్యాను కీచుమంటోంది. పరీక్షకులకి అది చిరాకనిపించినట్టుంది. కట్టేయమని అటెండరుకి సైగ చేస్తూ చూపుడువేలు పైకెత్తి ఆడించారు.

డోలు ఒక్కసారిగా విరుచుకుపడింది. ఆ చిన్న గదిలో గట్టిమేళం! కిటికీ అద్దాలు గణగణలాడాయి. వీణలు మునిగిపోయాయి. నా వయొలిన్ విల్లు ఎక్కడుందో నాకే తెలియలేదు. వరండాలో వాళ్ళంతా తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ఆవిడ బెదిరి వేలు దించారు. డోలు టక్కున ఆగింది. ఒక్క దెబ్బ ఎక్కువ లేదు.

నా ఎం.ఏ. అయిపోయిందనుకున్నాను. సత్తిబాబు రెండు చేతులూ జోడించాడు. "క్షమించండమ్మా. పొద్దున్న పెళ్ళిలో వాయించి వచ్చానండి. వేలు చూసి చెయ్యి ఆగలేదండి."

ఆవిడ పగలబడి నవ్వారు. "ఎవరికి పెళ్ళి చేశావయ్యా, ఫ్యానుకా?" అని, నావైపు తిరిగారు. "మీరేనా ఈ బృందానికి పెద్ద? ఎక్కడ ఆపాలో అతనికి మీరేం సైగ చేస్తారు?"

ఏడాదిలో నేను ఒక్క సైగా చేసి ఎరగను.

"చివరి దెబ్బకి మీ విల్లు దించండి. నువ్వు నన్ను చూడకు బాబూ, ఆవిడ విల్లు చూడు. మళ్ళీ మొదటినుంచి."

వాయించాం. విల్లు దించాను. ఐదుగురం ఒక్క దెబ్బకి ఆగాం. ఆవిడ కాగితం మీద సంతకం చేస్తూ, "వెళ్ళండి, ప్యాసే. కొంచెం నిద్రపోండి" అన్నారు.

సాయంత్రం రాజమండ్రి స్టేషన్లో నరసాపురం వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను, తణుక్కి. రూతు హాస్టల్లో ఉండిపోయింది. సత్తిబాబు నా ఎదురుగా కూర్చున్నాడు. రాత్రి పందిట్లో మళ్ళీ మేళం ఉందట. కొవ్వూరు దాటాక నా కోపం మళ్ళీ లేచింది. ఒక్క సైగ కోసం ఏడాదంతా గొడవపడ్డామా?

"ఆగడానికి సైగ కావాలని ముందే అడగొచ్చుగా?"

"మీరు లెక్కల టీచరుగారు కదండీ. లెక్క తప్పంటే తప్పేననుకున్నానండి. ఇంటికెళ్ళి మా నాన్న ముందు వేళ్ళు లెక్కపెట్టుకుంటూ వాయించేవాణ్ణి. ఆయన బాధపడేవారండి. పుట్టినప్పటినుంచి వచ్చిన తాళం నీకేమైపోయిందిరా అని."

నాకు సిగ్గేసింది. నిడదవోలులో టీ తెచ్చిచ్చాడు, తాగలేకపోయాను. ఆ రోజు దారిలో అందరినీ విసుక్కున్నాను. బస్సుని, ఫోటోగ్రాఫర్ని, అరటి లారీల్ని, పనసపొట్టు కూరని. విసుక్కోవలసిన మనిషిని మాత్రం వయొలిన్ పెట్టెతో పాటు మొగల్తూరు దాకా మోసుకెళ్ళి తెచ్చాను.

తణుకు వస్తుండగా లేచి చెప్పాను. "నీ లెక్క ఒక్కనాడూ తప్పలేదు సత్తిబాబూ. తప్పు నాది."

"ఆ మాట మా నాన్నతో అంటారాండి?" అని అతను వెంటనే ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు. నేను దిగి, బోగీ గుమ్మం పక్కనే నిలబడి మాట్లాడాను. అవతల పందిట్లో ఎవరో సన్నాయి వాయిస్తున్నారు.

"సూర్యారావుగారూ, మీ అబ్బాయి లెక్క తప్పలేదండీ!"

"ఏంటండి?"

"మీ అబ్బాయి తాళం తప్పలేదండీ!"

"వినపడటం లేదండి, మేళం!"

రైలు కూత వేసింది. ప్లాట్‌ఫారం మీద నా పాత విద్యార్థులెవరైనా ఉన్నారేమో కూడా చూసుకోకుండా, గొంతు చించుకుని అరిచాను. "మీ వాడి తాళం సరిగ్గానే ఉందండీ! నేనే తప్పు చెప్పాను!"

అవతల సన్నాయి ఆగింది.

"అది నాకు తెలుసండి" అన్నారాయన. "వాడికి తెలియాలి గాని."