చిన్నమ్మమ్మకు బారసాల

చదువుకున్నవాళ్ళు మమ్మల్ని జిప్సీలంటారు, ఉద్దానంలో పూసలోళ్ళంటారు. పూసలు, పిన్నీసులు, దువ్వెనలు అమ్ముకుంటూ ఊరూరా తిరిగిన కుటుంబం మాది. ఇప్పుడు నేను పలాసలో ఫ్యాన్సీ షాపు పెట్టుకుని అవే అమ్ముతున్నాను, కూర్చుని.

బేరాల్లేని ఒక మధ్యాహ్నం మా వంశవృక్షం గీసి, ఫోటో తీసి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. బుద్ధి లేక పెట్టాను. తప్పులుంటే చెప్పండి అన్నాను కూడా! సాయంత్రానికి మందస ముత్తాత, సోంపేట ముత్తాత ఒకే మనిషని తేలింది. డేరా వేసిన చోటల్లా ఒక సంసారం పెట్టాడు మహానుభావుడు. టెక్కలి బావ తన తండ్రి పేరు కొట్టేయమన్నాడు. ఆయనతో మాటల్లేవట.

మర్నాడు భావనపాడు నుంచి కొత్త నంబరు ఒకటి గ్రూపులో చేరింది. వాయిస్ మెసేజి. "మాయమ్మ సచ్చిపోయిందని రాసీసినారేటి? ఇక్కడ సేపలు ఎండబెడతంది!"

ఆ అమ్మ మా అమ్మమ్మకు చెల్లెలు, నాకు చిన్నమ్మమ్మ. చిన్నప్పుడే పోయిందని మా ఇంట్లో చెప్పుకునేవారు, నేనూ అలాగే రాశాను. అమ్మమ్మను నిలదీశాను.

"సావలేదే. పడవోడిని మనువాడింది. మా అయ్య దినం పెట్టీసినాడు."

మా ఇంటి ఆచారమట అది. బయటివాణ్ణి చేసుకున్న పిల్లకు బతికుండగానే దినం పెట్టి అందరూ భోంచేస్తారు. తిన్నవాళ్ళెవరూ ఆ పిల్లతో మళ్ళీ మాట్లాడకూడదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుంది. "నాను పోయేలోగా ఒక్కపాలి దాంతో మాటాడాలే."

అమ్మమ్మ తమ్ముడు, టెక్కలి తాత, మా కులపెద్ద. ఆయనకు ఫోన్ చేశాను.

"దినం కూడు తినీసినాం కదే పిల్లా! తిన్నది కక్కమంటావేటి?"

"ఆవిడ బతికే ఉంది తాతా!"

"ఉంటే ఉండనీ. మన లెక్కలో సచ్చిపోయింది. మల్లీ పుడితే అప్పుడు సూద్దాం."

ఉక్రోషం పట్టలేక, "అయితే బారసాల చేస్తాం, రా!" అని అరిచాను. ఆయన ఆలోచించి, "సెయ్యొచ్చు," అన్నాడు. ఆ మాట గ్రూపులో పెడితే ముప్ఫై చప్పట్ల బొమ్మలు పడ్డాయి.

తల్లి లేదు కాబట్టి తల్లి స్థానంలో అమ్మమ్మ కూర్చోవాలన్నారు. డెబ్బై దాటిన పసిబిడ్డ ఎండుచేపల బుట్టతో, నలుగురు మీసాల కొడుకులతో ఆటో దిగింది. చీర ఉయ్యాల ఆవిణ్ణి మోయదని తాత తాడు లాగి చూసి, ఒక కాలు పెడితే చాలని తీర్పిచ్చాడు. లాలి పాడారు. అక్కకే కూతురైపోయింది కాబట్టి ఆవిడ ఇక నాకు పిన్ని. నిన్నటిదాకా మామయ్యలైన నలుగురూ అన్నయ్యలు. నా చార్టు గంగలో కలిసింది.

చివరికి అమ్మమ్మ బిడ్డ చెవిలో పేరు చెప్పాలి. చెల్లెలి తల ఒళ్ళోకి లాక్కుంది, పేరు మాత్రం చెప్పలేదు.

"నువ్విప్పుడు నా కూతురివి. తల్లి కంటే ముందు ఎల్లిపోకూడదు, ఇన్నావా? ఇంకోపాలి నీ దినం కూడు నాను తినలేనే."