తాతయ్య కీర్తన, అమ్మమ్మ పోపు

ఇవాళ మా ఆఫీసు క్యాంటీన్‌లో ఎండుమిరపకాయలు మాడాయి. అందరూ దగ్గుతూ బయటికి పరిగెత్తారు. నాకు మాత్రం నవ్వాగలేదు.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో మా ఇంటి చుట్టూ బండలు పేల్చి ఆఫీసులు కడుతున్న రోజులవి. మా తాతయ్య పేరుమోసిన వాగ్గేయకారుడు. ఆయన కీర్తనల నిండా అమ్మవారి గానమాధుర్య వర్ణనే. ఆదివారం శిష్యులంతా చేరేవారు. తాతయ్య కొత్త కీర్తన ఎత్తుకోగానే వంటింట్లోంచి పోపు మాడిన ఘాటు వచ్చేది. ఆయన గొంతు పట్టేసేది.

"ఈ బండల దుమ్ముతో చస్తున్నామండీ!" అని శిష్యుల ముందు విసుక్కునేవారు.

నేను నిజమేననుకుని కిటికీలన్నీ మూసేసేదాన్ని. ఘాటు ఇంకా పెరిగేది. అమ్మమ్మ "నా బంగారు తల్లే" అంటూ నా నోట్లో బెల్లంముక్క పెట్టేది.

పెద్దయ్యాక అమ్మ చెప్పింది. అమ్మమ్మ తాతయ్యకన్నా బాగా పాడేదట. పెళ్లయిన మర్నాడే ఆ మహానుభావుడు, "ఇంట్లో ఒక గొంతు చాలు" అన్నారట. ఆమె మళ్లీ నోరు విప్పి పాడలేదు.

ఆదివారాలు అసలు బండలు పేల్చేవారే కాదని అప్పుడు గుర్తొచ్చింది. మిగతా రోజుల్లో అమ్మమ్మ పోపు ఒక్కసారీ మాడలేదని కూడా.

ఆ సంగతి చిన్నప్పుడే తెలిసుంటే తలుపులు కూడా మూసేసేదాన్ని.