ఆఫ్రీన్ ఎక్కిన కొండ

ప్రొద్దుటూరులో మా అత్తగారిది పరుపుల అంగడి. ముందు గదిలో దూది ఏకే మిషను, వెనక మేము కాపురముండే రెండు గదులు. నేను పులివెందుల నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నాతో మొదట స్నేహం చేసింది మా ఆడబిడ్డ ఆఫ్రీన్. ఆమెకు చూపు లేదు. చిన్నప్పుడు వచ్చిన జబ్బుతో తగ్గుతూ తగ్గుతూ, పదో తరగతి నాటికి పూర్తిగా పోయిందట. దిండ్లలో దూది కూరి మూతి కుట్టడం ఆమె పని. కుడుతున్నంతసేపూ నోరు ఊరుకోదు. అంగడికి వచ్చినవాళ్ళ గొంతులు అనుకరించి మమ్మల్ని నవ్విస్తుంది.

ఇల్లంతా ఆమెకు అరచేతిలా తెలుసు. గడప దాటితే మాత్రం ఎవరో ఒకరి మోచెయ్యి పట్టుకోవాల్సిందే. కర్ర తెచ్చుకుందామంటే వద్దనేది. వీధిలో అందరూ చూస్తారని.

మా ఆయన జహీర్ కువైట్‌లో ఏసీ మెకానిక్. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు, టీవీకి తగిలించి ఆడే గేమ్ మిషను ఒకటి తెచ్చాడు. దాంట్లో ఉన్నది ఒకటే ఆట. కొండ కింద ఒక పల్లె. ఆ పల్లెకు గాలి రావడం ఆగిపోతుంది. మేకలు కాసుకునే ఒక పిల్ల, గాలి ఎక్కడ చిక్కుకుందో వెతుక్కుంటూ ఒంటరిగా కొండెక్కుతుంది. ఆ పిల్లను నడిపించేది మనమే. రెండు చేతుల్లో రెండు కంట్రోలర్లు పట్టుకోవాలి. నడవడానికి మాత్రం బొటనవేలితో ఒక చిన్న పుల్లను తొయ్యాలి. తక్కినవన్నీ చేతులతోనే చెయ్యాలి. కత్తి తిప్పాలంటే నిజంగా చెయ్యి విసరాలి. తాడు పట్టుకుని ఎక్కాలంటే ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి పైకి చాపి లాగాలి.

మా ఆయన కొద్దిసేపు ఆడి విసుక్కున్నాడు.

"చెయ్యి ఇట్ల ఇసిరితే కత్తి అట్ల పోతాంది. దానికి తోడు ఒకటే దావ. ఇటు పోదామంటే పోనియ్యదు, అటు పోదామంటే పోనియ్యదు. పట్టాల మింద రైలు మాదిరి పోవాల."

పక్కన దిండు కుడుతున్న ఆఫ్రీన్ తలెత్తింది. "పోనియ్యకుంటే ఏం చేస్తాది న్నా?"

"గోడ అడ్డమొచ్చినట్టు నిలబెట్టేస్తాది. చేతిలో ఇది రోంత అదురుతాది."

"అయితే దావ తప్పే పనే లేదా?"

"తప్పుదామన్నా తప్పనియ్యదు."

"ఏదీ, ఇట్లియ్యి."

ఆయన నవ్వుతూ కంట్రోలర్లు ఆమె చేతుల్లో పెట్టాడు. తెర మీద మేకల పిల్ల ముందు ఒక రాతి మనిషి డాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎదురుగా ఉండాడు, ఇసురు" అన్నాడు. ఆఫ్రీన్ విసిరింది. కత్తి రాతికి తగిలి ఖంగుమంది. కంట్రోలర్ జివ్వున అదిరింది. ఆమె కెవ్వుమని, తన మోచేతిని రెండో చేత్తో పట్టుకుంది.

"తగిలింది వదినా! నా చేతికి తగిలింది!"

మా ఆయనకు అది తమాషాగా తోచింది. ఆఫ్రీన్ మాత్రం ఆ రోజు మళ్ళీ సూది ముట్టలేదు.

సెలవు అయిపోయి ఆయన కువైట్ వెళ్ళిపోయాడు. మిషను ఇంట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అంగడిలో బేరాలు పలచగా ఉంటాయి. అప్పుడు మేమిద్దరం టీవీ ముందు చేరేవాళ్ళం. నేను చూసి చెప్పేదాన్ని, ఆమె నడిపేది. "ఎడమకు, ఇంకా ఎడమకు, ఆ ఆ, ఆగు!" అని నేను అరిచేలోపే మేకల పిల్ల లోయలో పడేది. ఒక గుహ దాటగానే పలకల వంతెన ఉంది. దాని మీద ఎన్నిసార్లు పడ్డామో లెక్కలేదు. నా గొంతు బొంగురుపోయింది. ఇద్దరికీ విసుగు పుట్టింది.

ఒక మధ్యాహ్నం మా అత్త మస్తానమ్మ తలనొప్పిగా ఉందని పక్క గదిలో పడుకుంది. చప్పుడు కాకూడదని, మా ఆయన వదిలి వెళ్ళిన హెడ్‌ఫోన్లు ఆఫ్రీన్ చెవులకు పెట్టాను. పెట్టగానే ఆమె కదలడం మానేసింది. నేను ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

"వదినా, గాలి ఇనపడతాంది."

"యాడ?"

"ముందర. పిల్లను ఇటు తిప్పితే ఈ చెవిలోకొస్తాది. అటు తిప్పితే ఆ చెవిలోకి పోతాది. రెండు చెవుల్లో ఒకటే మాదిరి వచ్చినప్పుడు అదే దావ. నువ్వింక మాట్లాడగాకు."

నేను నోరు మూసుకున్నాను. తెర మీద మేకల పిల్ల వంతెన ముందు నిలబడి కొంచెం కుడికి, కొంచెం ఎడమకు తిరిగింది. దారి వెతుకుతున్న మనిషి ఎలా తల తిప్పుతుందో అలాగే. తర్వాత ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. అంచు తగిలినప్పుడు చేతిలో చిన్న అదురు. అదిరిన వైపు నుంచి పక్కకు జరగడం, మళ్ళీ నడవడం. కింద లోయ కనబడుతున్నది నాకు. ఆఫ్రీన్ మొహం మాత్రం నిండుకుండను నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్ళ మొహంలా నిమ్మళంగా ఉంది. వంతెన దాటేసింది.

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "వదినా, ఎవురి చెయ్యీ పట్టుకోకుండా పోయినా" అంది.

నేను జరిగి ఆమె పక్కనే కూర్చున్నాను.

ఆ తర్వాత ఆట ఆమెదైపోయింది. రాతి మనుషులు డాలు ఏ వైపుకు జరుపుతారో ఆ వైపు చెవిలో రాయి గీసుకున్న చప్పుడు వస్తుందట. ఆమె దానికి ఎదురు వైపు నుంచి కత్తి విసిరేది. మా ఆయనలా గబగబా ఊపేది కాదు. చెయ్యి వెనక్కి తీసి, ఒక్క క్షణం ఆగి, ఒక్కటే వేటు వేసేది. కత్తి ఒక్కసారి కూడా తప్పు వైపుకు పోలేదు. చెవుల్లో ఏముందో నాకు వినబడదు కదా, నాకు అంతా మూగబొమ్మలాటలా ఉండేది. ఆ నిశ్శబ్దంలో ఆమె చేతులు గాలిలో లేవడం, ఆగడం, వాలడం చూస్తూ నేను చేస్తున్న పని మరిచిపోయేదాన్ని.

పక్కింటి జానీబీ ఒకరోజు కిటికీలోంచి చూసి హడలిపోయింది. గోడకేసి నిలబడి చూపులేని పిల్ల చేతులు విసురుతోంది మరి! సాయంత్రానికి దర్గా నుంచి తాయెత్తు తెచ్చి మా అత్త చేతిలో పెట్టింది. "పిల్లకు యాడో గాలి సోకిందమ్మా" అని. ఆఫ్రీన్ పడీపడీ నవ్వి, "నిజమే జానీబీ అత్తా, శానా గాలి సోకింది" అంటూ ఆ తాయెత్తు కట్టించుకుంది.

అన్నీ ఆమెకు వశమయ్యాయని కాదు. రంగు రాళ్ళు వరసలో పేర్చమనే చోట నేనే రంగులు చెప్పాను. చెప్పిన దాంట్లో ఆకుపచ్చా నీలమూ కలిపేసి తిట్లు తిన్నాను.

కొండ సగం ఎక్కాక ఒక పెద్ద మైదానం వచ్చింది. అంతవరకూ ఒకటే దారిగా వచ్చిన ఆట అక్కడ ఒక్కసారిగా విచ్చుకుంది. ఎటు చూసినా నడుమెత్తు గడ్డి, పువ్వులు, దూరంగా ఒక చెట్టు. నాకు చూడడానికి పండగలా ఉంది. ఆఫ్రీన్‌కు మాత్రం కాళ్ళ కింద నేల లాగేసినట్టయింది. గాలి అక్కడ సుడి తిరుగుతుంది. అన్ని వైపుల నుంచీ వస్తుంది. పట్టుకోవడానికి అంచు లేదు. తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చేది. నేను చెప్పబోతే వినలేదు. "నువ్వు చెప్తే నువ్వు పోయినట్టు, నేను పోయినట్టు గాదు" అంది. రెండు వారాలు కంట్రోలర్లు ముట్టలేదు. దిండ్లు కుడుతూ ఊరికే ఉండేది. గొంతులు అనుకరించడం కూడా మానేసింది.

నాకు మనసు ఆగలేదు. జమ్మలమడుగులో కమాల్ బాషా అని ఒకాయన సెల్లులు బాగు చేసే అంగడి నడుపుతూ, ఆటల మీద తెలుగులో వీడియోలు పెడుతుంటాడు. ఈ ఆట మీదా ఒకటి పెట్టాడు. చేతులు ఊపడం దండగన్నాడు, ఒకటే దారి కాబట్టి బుర్రకు పనే లేదన్నాడు, ఆ మైదానం ఒక్కటే బాగుందన్నాడు. కింద వందల మంది ఆటగాళ్ళు అవునవునన్నారు. నేను ఆయనకు ఫోనులో మాట రికార్డు చేసి పంపాను. మా ఆడబిడ్డకు చూపు లేదని, మైదానం దాకా వచ్చిందని, దాటే ఉపాయం చెప్పమని. ఆయన నమ్మలేదు. "ఎగతాళి చేస్తాండావా మ్మా?" అని జవాబిచ్చాడు.

అయినా సామాన్ల కోసం ప్రొద్దుటూరు వచ్చిన రోజు మా అంగడి వెతుక్కుని వచ్చాడు. యాభై దగ్గర పడిన మనిషి, గడ్డానికి గోరింటాకు. దూది మూటల మధ్య కుర్చీ వేసి మా అత్త టీ ఇచ్చింది. ఆఫ్రీన్ మొదటి గుహ నుంచి వంతెన దాకా మళ్ళీ ఆడి చూపించింది. టీ ఆయన చేతిలోనే చల్లారిపోయింది.

"సుభానల్లా" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"అది సరేన్నా. మైదానం ఎట్ల దాటేది?" అంది ఆఫ్రీన్. నేను ఆటను మైదానం దగ్గరికి మార్చాను.

"అదేం లేదు మ్మా, అదో ఆ చెట్టుకేసి నేరుగా..." అని వేలు చూపించబోయి ఆగిపోయాడు. వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. దాన్ని దించి, "నాకు తెల్దు మ్మా" అన్నాడు. "కండ్లు మూసుకుని ఈడ ఎట్ల పోవాలో నాకు తెల్దు. ఏదీ, నేనొకసారి చూస్తా." హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రయత్నించాడు. తిరిగాడు, తిరిగాడు, విసుగొచ్చి కత్తి ఊరికే అటూ ఇటూ విసిరాడు.

హెడ్‌ఫోన్ల లోంచి బయటికి పొక్కిన ఆ సన్నని చప్పుడు ఆఫ్రీన్ చెవిన పడింది. "అన్నా, మళ్ళా ఇసురు. ఏంది ఆ సప్పుడు?"

"గడ్డి తెగుతాంది మ్మా."

"అంతటా తెగుతాదా?"

ఆయన కళ్ళు తెరిచి తెరకేసి చూశాడు. మేకలు నడిచిన సన్నని బాట ఒకటి గడ్డిలో ఉంది. అక్కడ గడ్డి లేదు. కత్తి విసిరినా చప్పుడు లేదు.

ఆఫ్రీన్ కంట్రోలర్లు తీసుకుంది. కుడి చెయ్యి కిందికి దించి కత్తిని నేల బారున అటూ ఇటూ ఊపుతూ నడిచింది. గడ్డి తెగిన చప్పుడు వస్తే పక్కకు జరగడం, చప్పుడు రాకపోతే ముందుకు పోవడం. మేకల పిల్ల ఆ పెద్ద మైదానంలో కత్తితో నేల తడుముకుంటూ, ఆ సన్నని బాట మీద మెల్లగా పోతోంది. కమాల్ బాషా కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో నేను చూడలేదు. మా అత్త గుమ్మంలో నిలబడిపోయింది. ఏం జరుగుతోందో ఆమెకు పూర్తిగా అర్థమయి ఉండదు. కూతురు నడుస్తోందని మాత్రం తెలిసింది. చెట్టు కిందికి చేరగానే ఆటలో ఆకుల గలగల మొదలైందట. ఆఫ్రీన్ నవ్వింది.

శిఖరం ఆ వారంలోనే ఎక్కింది. చివర్లో పెద్ద గుడ్డ రెక్క కట్టుకుని ఎగరాలి. రెండు చేతులూ చాచి, ఎటు వాలాలో అటు వంచాలి. చాలామంది ఆటగాళ్ళు అక్కడే ఆట వదిలేశారని కమాల్ బాషా చెప్పాడు. ఆఫ్రీన్ కూడా పడింది, లేచింది, మళ్ళీ పడింది. ఒకసారి మాత్రం ఆమె చేతులు గాలిని పట్టుకున్నాయి. దూది ధూళి ఎగురుతున్న ఆ గదిలో, కళ్ళు ఎటో పెట్టి, చేతులు చాచి, కొంచెం కొంచెం వాలుతూ నిలబడి ఉంది. తెర చూడడం మానేసి ఆమెనే చూశాను. పైకి చేరి బందీగా ఉన్న గాలిని విడిపించినప్పుడు రెండు కంట్రోలర్లూ ఒకేసారి ఝుమ్మని అదిరాయి. ఆమె హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టింది. కొండంత గాలి, మధ్యలో ఎక్కడో మేకల గంటలు. మా అత్త వచ్చి కూతురి తల నిమిరి, ఏమీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కమాల్ బాషా ఆ రోజు ఫోనులో తీసుకున్న ఆఫ్రీన్ ఆట వీడియో పెట్టాడు. తన పాత మాటలు తీసెయ్యలేదు, దాని కింద దీన్ని పెట్టాడు, అంతే. తొండూరు నుంచి ఒకాయన, కళ్ళకు తువ్వాలు కట్టుకుని ఆడితే పలకల వంతెన కూడా దాటలేకపోయానని రాశాడు. ఒకామె తన తమ్ముడికీ చూపు లేదని, ఆ ఆట పేరు చెప్పమని అడిగింది. ఆఫ్రీన్ వాళ్ళందరికీ మాట రికార్డు చేసి పంపింది, ఎక్కడ ఏ చప్పుడు వస్తుందో వివరంగా.

ఆ తర్వాత కొన్నాళ్ళకు తనే కర్ర తెమ్మని అడిగింది. మొదట్లో నేను పక్కనే నడిచాను. ఇప్పుడు సందు చివర టైలరు అంగడి దాకా తనే పోయి, దిండు గలీబులు తెస్తుంది. అంతకు మించి పోదు, ఇంకా భయమే.

మా ఆయన మళ్ళీ సెలవుకు వచ్చాడు. "ఏదీ, ఆ కొండ నాకూ చూపించు" అన్నాడు. ఆఫ్రీన్ ఆయన్ను కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, కళ్ళు మూసుకోమంది. కంట్రోలర్ ఉన్న ఆయన మణికట్టును తన చేత్తో పట్టుకుంది.

"బిరీన ఇసరగాకు న్నా. ఆగు. ఇను. ఇప్పుడు."

ఆయన విసిరాడు. రాతి మనిషి కూలిన చప్పుడుకు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. చెల్లెలి వైపు తిరిగి, "రెండు తునకలైనాడే!" అన్నాడు.

"కండ్లు తెరిచినావు గదా" అంది ఆఫ్రీన్. "మళ్ళా మొదలుపెట్టు."