అడగని కొమ్మ

బాన్సువాడలో అజీమున్నీసా వాకిట్లో గులాబీలు కూడా ఆమె మాట వినాలి. దారం పట్టి వరుసగా పెట్టిన డాల్డా డబ్బాల్లో పెరిగేవి. పక్కకు వంగిన కొమ్మ సాయంత్రం దాకా ఉండేది కాదు. గోడవతల, తండా నుంచి వచ్చి కాపురం పెట్టిన సక్రి మాత్రం గిన్నెలు కడిగిన నీళ్లతోపాటే గింజలు విసిరేసేది. మిరపలో బంతి, బంతిలో చిక్కుడు, అన్నిటికంటే గుబురుగా బొండుమల్లె. వాడకట్టు ఆడవాళ్లంతా పూలకోసం అక్కడే చేరేవాళ్లు. వాళ్ల నవ్వులు వినపడినప్పుడల్లా అజీమున్నీసా కత్తెరకు ఇంకో కొమ్మ తెగేది. "అడవి!" అనుకునేది. కళ్లు మాత్రం ఆ మల్లెపొద మీదే.

పోయిన వానాకాలం అజీమున్నీసా డబ్బాల వరుస చివర కూడా ఒక బొండుమల్లె లేచింది. ఎక్కడిదని ఎవరూ అడగలేదు. ఎండాకాలం వచ్చేసరికి సక్రి మల్లెను మేక మొదలుదాకా మేసేసింది. సక్రి గోడ మీంచి తొంగిచూసి, "అక్కా, మీ మల్లె ఎంత మంచిగ పెరిగింది! నాకో కొమ్మ ఇయ్యవా?" అంది. ఇన్నేళ్లకు సక్రి తనను అడిగింది! అజీమున్నీసా మొహం వెలిగిపోయింది. తాపీగా తల అడ్డంగా ఊపింది. "అడిగి తీస్కపోతే బతకదే. మల్లెకొమ్మ దొంగతనంగ తెచ్చి నాటితెనే బతుకుతది." సక్రి ఆ పొదను ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. "గట్లనా అక్కా! అయితే గిది నా మల్లెనే!"