మొసలి లేని కందకం

ద్వారకానాథ్ కుదురుగా కూర్చోవడం నేను మూడేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. మెల్‌బోర్న్‌లో ఒక బీమా కంపెనీలో మావి పక్కపక్క సీట్లు. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడమే మా ఉద్యోగం; లేకపోతే 2000లో వచ్చే '00'ని కంప్యూటరు 1900 అనుకుంటుంది. అతను కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, దిద్దిన లైనునే మళ్ళీ మళ్ళీ చూసుకునేవాడు. ఒకసారి పరీక్షకని తేదీ రెండువేలకు జరిపితే, డెబ్బై ఏళ్ళ ముసలావిడ ఇంకా పుట్టనే లేదని కంప్యూటరు ఆవిడ పాలసీని కొట్టేసింది. ఆ వారం ద్వారకానాథ్ ఇంటికి సరిగ్గా పోలేదు.

రెండువేలు వచ్చింది. ఏమీ కాలేదు. జనవరి ఆఖర్న మేనేజర్ మమ్మల్ని పిలిచి, "ఏమీ జరగలేదుగా, అనవసరంగా హడలిపోయాం" అని నవ్వి, ఫిబ్రవరితో మీ కాంట్రాక్టు సరి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ద్వారకానాథ్‌ను మాత్రం ఆ మాట తినేసింది.

అది చాలదన్నట్టు మొసలి ఒకటి వచ్చిపడింది. అతని సొంతూరు ఓరుగల్లు కోట. కోట చుట్టూ ఉన్న కందకంలో మొసళ్ళుండేవనీ, ఒకదాన్ని కళ్ళారా చూశాననీ కూతురు కిరణ్మయికి చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పుకొచ్చాడు. దేశం దాటాక సొంతూరి కోటకు మరో అంతస్తు కట్టడం మనందరికీ అలవాటే. ఇప్పుడా పిల్లకు పదేళ్ళు. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలోని బడిలో కోటల పాఠం చెబుతూ, కందకాల్లో మొసళ్ళు ఉత్త కట్టుకథ అంది టీచరు. "మా నాన్న చూశాడు" అని లేచింది కిరణ్మయి. క్లాసంతా నవ్వి, అబద్ధాలకోరు అని పేరు పెట్టింది. శుక్రవారం మీ నాన్నను రమ్మను, అంది టీచరు.

ఇద్దరం సెలవు పెట్టి నా కారులో బయల్దేరాం. దారంతా సీటు బెల్టు లాగుతూ వదులుతూనే ఉన్నాడు.

"ఇంతకీ మొసల్ని చూశావా లేదా?"

"ఏడ జూసిన భయ్యా! ఎండకాలం నీళ్ళెండితే దిగి జూసిన. బురద, తుమ్మచెట్లు, మేకలు. మేం అండ్ల పడ్తమని మా నాయనమ్మ మొసలున్నదని బెదిరిచ్చింది. గిప్పుడు ఉన్నదంటె నేను అబద్ధమాడినట్టు, లేదంటె బిడ్డ ఆడినట్టు. ఏం జెయ్యాలె?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇతనికి అతకడం రాదని నాకు భయం.

క్లాసులో కిరణ్మయి తలెత్తలేదు. ద్వారకానాథ్ బల్లల మధ్య రెండుసార్లు తిరిగి, "మొసలి లేదు. ఎండాకాలం నీళ్ళు కూడా ఉండవు. మా అమ్మాయి నేను చెప్పిందే చెప్పింది. అబద్ధం నాది" అన్నాడు.

"మొసలీ లేక, నీళ్ళూ లేక, మరి కందకం దేనికి?" అన్నాడొక పిల్లాడు.

శత్రువు గోడ కిందకు సొరంగం తవ్వకుండా, సైనికులెక్కే చక్రాల చెక్క బురుజును గోడ దాకా తోసుకు రాకుండా అన్నాడు ద్వారకానాథ్. కొన్ని కోటల మరుగుదొడ్లు కూడా అందులోకే పడేవంటే పిల్లలు పొర్లిపొర్లి నవ్వారు.

"ఎంతమంది శత్రువులు పడ్డారు?"

"తెలీదు. దాన్ని చూసి వెనక్కి పోయినవాళ్ళ సంగతి ఎవరూ రాసిపెట్టలేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఊరికే తవ్వారని మాత్రం అనొద్దు." ఆ మాట ఎందుకన్నాడో టీచరుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

బడి వదిలాక కిరణ్మయి వెనక సీట్లో కూర్చుంది. కారు కదిలాక ఇంగ్లీషులో అడిగింది. "డాడీ, కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని రోజూ ఆఫీసులో ఉండిపోయావే, అదీ కథేనా?"

ద్వారకానాథ్ చేతులు బెల్టు మీదే ఆగిపోయాయి. ఏం చెప్పినా ఇక నమ్మదని అతనికి తెలుసు.

"కథ కాదు తల్లీ," అన్నాను. "ఒక ముసలావిడ ఇంకా పుట్టలేదంది ఆ కంప్యూటరు. మీ నాన్న దాన్ని సరిచేశాడు. నేను పక్కనే ఉండి కళ్ళారా చూశాను."

"ప్రామిస్, అంకుల్?"

"ప్రామిస్."

ద్వారకానాథ్ కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు.